సరుకు బండి ఎంపిక: చిరు వ్యాపారికి కొన్ని మాటలు
(చిరు వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కులను గురించి మాట్లాడుకునే వేదిక మీద సరుకు బండిని గురించి, డీజిల్ ఇంజన్‌ను గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. సమాధానం సచార్ కమిటీ నివేదికలోనే ఉన్నది. 2005లో నియమితమై 2006 నవంబరులో నివేదిక సమర్పించిన ఆ కమిటీ చెప్పిన అనేక విషయాలలో రెండింటిని ఈ పూట గుర్తుచేసుకుందాం. ముస్లింలలో స్వయం ఉపాధి మీద ఆధారపడినవారి వాటా ఇతర వర్గాలకంటె ఎక్కువ. బ్యాంకు రుణాలలో వారికి దక్కుతున్న వాటా వారి జనాభాతో పోల్చితే తక్కువ. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు మన బజారు మనిషి స్థితి తేటతెల్లమవుతుంది. నెల జీతమనే ఆధారం లేదు. కష్టకాలంలో చేయి అందించే బ్యాంకూ లేదు. అటువంటి కుటుంబం పెద్ద మొత్తం ఖర్చు పెట్టే సందర్భాలు జీవితంలో రెండో మూడో ఉంటాయి. ఇల్లు ఒకటి, పిల్లల పెళ్లి ఒకటి, బండి ఒకటి. ఆ మూడింటిలో తిరిగి సంపాదించి పెట్టవలసినది బండి ఒక్కటే. ఆ ఎంపిక కుదిరితే ఇల్లు నిలబడుతుంది. కుదరకపోతే బండి వెంట దుకాణమూ పోతుంది, దుకాణం వెంట పిల్లల చదువూ పోతుంది. కనుక ఇది యంత్రాల చర్చ మాత్రమే కాదు, జీవనోపాధి హక్కుకు సంబంధించిన చర్చ కూడా.

మన వృత్తులను ఒకసారి వరుసగా తలచుకుందాం. పరుపులు కుట్టే దూదేకుల సోదరులు, పాత ఇనుము కొనేవారు, షామియానాలు అద్దెకిచ్చేవారు, దేగులు పెట్టి పెళ్లి వంట చేసేవారు, బేకరీ నుండి ఊరూరి కొట్లకు బన్నులు, బిస్కెట్లు అందించేవారు, మామిడి, బత్తాయి వ్యాపారులు, వెల్డింగు పనివారు, ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసేవారు. వీరందరికీ బండి కావాలి. అయితే వీరందరికీ కావలసినది ఒకే బండి కాదు. పొరుగువాడు కొన్నాడని, షోరూమ్ వాడు ముందస్తు చెల్లింపు తగ్గించాడని కొన్న బండి మన పనికి పనికిరాకపోవడానికి మూల కారణం ఇదే.

అందుచేత మొదటి సూత్రం ఇట్లా చెప్పుకుందాం: బండిని చూసి సరుకును వెతకరాదు, సరుకును చూసి బండిని వెతకాలి.

సరుకుకు రెండు కొలతలు ఉన్నాయి. ఒకటి బరువు, రెండవది పరిమాణం. పరుపుల వ్యాపారికి చోటు కావాలి. ఇరవై పరుపులు తూకానికి ఎంతో ఉండవు, కాని ఎత్తుగా పేర్చవలసి వస్తుంది. పాత ఇనుము వ్యాపారికి దీనికి సరిగ్గా విరుద్ధం. తొట్టిలో సగం కూడా నిండకముందే బండి మోయగలిగిన బరువు పూర్తవుతుంది. వంటవారికి రెండూ కావాలి. దేగులు, పొయ్యిలు, గ్యాస్ సిలిండర్లు, బియ్యం బస్తాలు అన్నీ కలిపి తూస్తే లెక్క అనుకున్నదానికంటె పైకి పోతుంది. కనుక బండి కొనదలచినవారు ముందుగా ఒక నెల రోజులపాటు అద్దె బండిలో వేసిన ప్రతి లోడునూ కాగితం మీద రాసుకోవాలి. ఎంత బరువు, ఎంత దూరం, ఏ దారి, ఎన్నిసార్లు అనే నాలుగు గడులు చాలు. ఆ ఒక్క కాగితం షోరూమ్‌లో వినిపించే వంద మాటలకంటె విలువైనది.

బండి ఎంత మోయగలదన్నది రిజిస్ట్రేషన్ పత్రంలోనే ఉంటుంది. ఖాళీ బండి బరువు ఒకటి, సరుకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు ఒకటి రాసి ఉంటాయి. మొదటిదాన్ని రెండవదానిలోనుండి తీసివేస్తే వచ్చేదే మోత బరువు. తరువాత ఇనుప పెట్టె కట్టించినా, పైన కమ్మీలు వేయించినా, ఆ బరువు మన సరుకులోనుండే తగ్గుతుంది. రెండు క్వింటాళ్ల ఇనుప పెట్టెను 750 కిలోలు మోసే బండి మీద కట్టిస్తే మిగిలేది 550 కిలోలే.

మన రోడ్ల మీద కనిపించే బండ్లను ఈ లెక్కలో పెట్టి చూద్దాం. 2005లో వచ్చిన టాటా ఏస్ ఈ దేశంలో చిన్న సరుకు రవాణా స్వరూపాన్నే మార్చివేసింది. అందులో ఉన్నది 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్. శక్తి 16 హార్స్ పవర్. మోత ముప్పాతిక టన్ను. ఇప్పుడు ఆ పేరు మీద పెట్రోలు, సీఎన్‌జీ, విద్యుత్తు రకాలు కూడా ఉన్నాయి. 2016లో వచ్చిన మారుతి సూపర్ క్యారీ దాదాపు అదే తరగతిది. మొదట డీజిల్‌తో కూడా వచ్చినా ఇప్పుడు పెట్రోలు, సీఎన్‌జీ ఇంజన్లతోనే వస్తున్నది. దానిపై మెట్టులో 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ ఉన్నది. మూడు సిలిండర్ల డీజిల్, మోత టన్నుంబావు. ఇంకా పైన మహీంద్రా బొలెరో పికప్. రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్‌తో వచ్చే రకాలు టన్నున్నర ఆ ప్రాంతంలో మోస్తాయి. వర్షానికి తడవరాని సరుకుకు, పనిముట్లతో ఇంటింటికీ తిరిగే మెకానిక్‌కు మారుతి ఈకో వంటి మూసిన వ్యాన్ అనుకూలం. వీటిలో ఏది మంచిదని అడిగితే మా వద్ద ఒకే జవాబు లేదు. ఎవరి నెల కాగితం వారికి జవాబు చెబుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. ముప్పాతిక టన్ను బండి మీద టన్నున్నర వేయడం మన బజారులో గొప్పగా చెప్పుకునే సంగతి అయింది. దాని మూల్యం చెల్లించేది బండి యజమానే. ముందు కమాను పట్టీలు వంగుతాయి, వెనుక టైర్లు అరుగుతాయి, తరువాత క్లచ్ ప్లేటు కాలుతుంది, చివరకు ఇంజన్ పని పడుతుంది. వీటన్నిటికంటె ప్రమాదకరమైనది బ్రేకు; కంపెనీ లెక్కకట్టిన దూరంలో ఆ బండి ఆగదు. చట్టం వైపునుండి చూస్తే, 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, అదనంగా ఉన్న ప్రతి టన్నుకు 2,000 రూపాయలు. అదనపు సరుకును దింపించే ఖర్చు కూడా మనదే. ఒక్కసారి పట్టుబడితే నెల లాభం పోతుంది. ప్రతిరోజూ టన్ను సరుకు ఉన్నవారు టన్నుంబావు బండి కొనాలి. సంవత్సరానికి పదిసార్లు మాత్రమే టన్ను సరుకు ఉన్నవారు చిన్న బండి కొని, ఆ పది రోజులు పెద్ద బండిని అద్దెకు తెచ్చుకోవాలి.

ఇక ఇంజన్ సంగతి. పెట్రోలా, డీజిలా అనే ప్రశ్నకు అలవాటును బట్టి కాక లెక్కను బట్టి జవాబు చెప్పుకుందాం. ఒక తరగతి బండికి పెట్రోలు రకం లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిల్ రకం 20 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. పెట్రోలు 108 రూపాయలు, డీజిల్ 96 రూపాయలు అనుకుందాం. డీజిల్ బండి ధర 80,000 రూపాయలు ఎక్కువ అనుకుందాం. రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగే వ్యాపారి సంవత్సరానికి 18,000 కిలోమీటర్లు తిరుగుతాడు. అతనికి పెట్రోలు ఖర్చు 1,29,600 రూపాయలు, డీజిల్ ఖర్చు 86,400 రూపాయలు. మిగులు 43,200. అంటే రెండేళ్ల లోపే ఆ అదనపు ధర తిరిగి వస్తుంది. అదే రోజుకు 25 కిలోమీటర్లు మాత్రమే తిరిగేవాడికి సంవత్సరపు మిగులు 18,000 రూపాయలే. అదనపు ధర తిరిగి రావడానికి నాలుగేళ్లు దాటుతుంది. ఈలోగా డీజిల్ ఇంజన్‌కు అయ్యే ఎక్కువ మరమ్మతు ఖర్చు ఆ మిగులును మింగివేస్తుంది. ధరలు మారవచ్చు, మైలేజీ మారవచ్చు, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. మీ ఊరి ధరలు పెట్టి మీరే వేసుకోండి.

డీజిల్ ఇంజన్‌లో గాలిని అధికంగా నొక్కి వేడి చేసి, ఆ వేడిలోకి ఇంధనాన్ని చిమ్ముతారు. అందుకే దాని భాగాలు బరువుగా, దృఢంగా ఉంటాయి. తక్కువ వేగంలోనే బలంగా లాగడం దాని స్వభావం. లోడుతో ఘాటు ఎక్కవలసినవారికి, ఊరి నుండి ఊరికి పోయేవారికి అది తగినది. పెట్రోలు ఇంజన్ తేలిక, ధర తక్కువ, మరమ్మతు సులభం. ఊరి లోపల తక్కువ బరువుతో తిరిగేవారికి అది చాలు.

2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్ 6 ప్రమాణాల తరువాత డీజిల్ విషయంలో కొత్తగా ఒక ఆలోచన చేర్చుకోవలసి వచ్చింది. కొత్త డీజిల్ బండ్లు అనేకం పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే జల్లెడతో వస్తున్నాయి. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడైనా కొంతసేపు ఆగకుండా, ఇంజన్ బాగా వేడెక్కేటట్లు పరుగెత్తాలి. రోజంతా సందులలో వంద గజాలకొకసారి ఆగుతూ పాలు, రొట్టెలు వేసే బండికి ఆ అవకాశం రాదు. జల్లెడ మూసుకుపోతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది, లాగుడు తగ్గుతుంది. ఆ దీపాన్ని చూసి ఊరకున్నవారికి చివరకు పెద్ద బిల్లు వస్తుంది. ఈ బండ్లకు కంపెనీ పుస్తకంలో చెప్పిన తరగతి ఇంజన్ ఆయిల్ మాత్రమే పోయాలి. ఏదో ఒక ఆయిల్ అంటే జల్లెడకు చేటు. కనుక ఊరి లోపలి చిన్న చిన్న పరుగులకు కొత్త డీజిల్ బండి తగినది కాదని మా అభిప్రాయం.

సీఎన్‌జీలో కిలోమీటరు ఖర్చు తక్కువ. అయితే సిలిండర్ బరువు మోతలోనుండి తగ్గుతుంది. కొన్ని బండ్లలో వంద కిలోలకు పైగా తేడా ఉంటుంది. మీ దారిలో బంకు ఎక్కడ ఉన్నది, అక్కడ వరుసలో ఎంతసేపు నిలబడవలసి వస్తున్నది అన్నవి కూడా ఖర్చులే. విద్యుత్ బండి రోజూ ఒకే దారిలో తిరిగి రాత్రి ఇంటికి చేరేవారికి మంచి మార్గం. కాని బండి నిలిపే చోట ఛార్జింగ్‌కు తగిన కరెంటు కనెక్షన్ ఉన్నదా, అద్దె ఇంటి యజమాని ఒప్పుకుంటాడా, బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు అనే మూడు ప్రశ్నలకు రాతపూర్వకమైన జవాబు వచ్చిన తరువాతనే ముందుకు పోవాలి.

నమ్మకమైన ఇంజన్ అంటే ఎన్నడూ చెడనిదని కాదు. అటువంటిది లోకంలో లేదు. మన ఊరి మెకానిక్ విప్పగలిగినది, మన జిల్లా కేంద్రంలో విడిభాగం సాయంత్రానికి దొరికేది, ఒక్కరోజులో మళ్లీ రోడ్డెక్కేది, అదే నమ్మకమైన ఇంజన్. బండి షెడ్డులో ఉన్న ప్రతి రోజూ మూడు నష్టాలు: ఆనాటి సంపాదన, అద్దె బండికి ఇచ్చే డబ్బు, మాట తప్పినందుకు పోయే ఖాతాదారు. అందుకని కొనే ముందు రెండు పనులు చేయండి. మీ బజారులో ఏ బండ్లు ఎక్కువగా తిరుగుతున్నాయో లెక్కపెట్టండి. ఎక్కువ ఉన్న బండికి మెకానిక్కులు, సామాను ఎక్కువ. రెండవది, విడిభాగాల దుకాణానికి పోయి క్లచ్ సెట్, ఇంజెక్టర్, సెల్ఫ్ మోటారు, రేడియేటర్, వెనుక బ్రేకు సామాను, ఈ అయిదింటి ధరలు అడిగి రాసుకోండి. రెండు బండ్ల మధ్య షోరూమ్ ధరలో కనిపించని తేడా ఈ అయిదు ధరలలో కనిపిస్తుంది.

మనలో అధిక సంఖ్యాకులు కొనేది పాత బండే. అందులో చిన్నతనమేమీ లేదు. జాగ్రత్తగా కొన్న పాత బండి, అప్పు చేసి కొన్న కొత్త బండికంటె మేలు. అయితే జాగ్రత్త అనే మాటకు అర్థం ఉండాలి. బండిని ఉదయాన, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచితే మరొక రోజు రావాలి. చల్లటి ఇంజన్ సులభంగా అందుకుంటున్నదా చూడాలి. పొగ రంగు చాలా సంగతులు చెబుతుంది. నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నదని అర్థం. బోరు పని దగ్గరలో ఉన్నది. నల్ల పొగ వస్తే ఇంధనం ఎక్కువగా పడుతున్నదో, గాలి సరిగా అందడంలేదో అయి ఉంటుంది. వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ నీరు లోపలికి పోతున్నదేమోనని అనుమానించాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపలి నుండి గాలి గట్టిగా తన్నుకొస్తున్నదా అన్నది తెలుస్తుంది. తన్నుకొస్తే రింగులు అరిగినట్లే. ఇంజన్ చల్లారిన తరువాత రేడియేటర్ మూత తీసి నూనె తెట్టె ఉన్నదేమో చూడాలి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూత జోలికి పోరాదు. చాసిస్ కమ్మీల మీద వెల్డింగు అతుకులు ఉన్నాయేమో కింద పడుకొని చూడాలి. చివరగా, అమ్మేవాడి మెకానిక్ మాట వినక, మన మెకానిక్‌కు కూలి ఇచ్చి తీసుకుపోవాలి. ఆ కొద్దిపాటి కూలి డబ్బు లక్షను కాపాడుతుంది.

ఇంజన్ బాగున్నా కాగితాలు బాగోలేకపోతే ఆ బండి మనది కాదు. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోలాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే అది తీరినట్లు ఫైనాన్స్ వారి నిరభ్యంతర పత్రం, ఫారం 35 చేతికి రావాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. రాష్ట్రం లోపలనైతే అమ్మకం సంగతిని 14 రోజులలో రవాణా శాఖకు తెలపాలని చట్టం. మన బజారులో ఈ పని ఏళ్ల తరబడి వాయిదా పడుతుంటుంది. దాని ఫలితం అమ్మినవాడి మీదకే వస్తుంది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే ప్రమాదంలో బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. కనుక కొన్నవారు, అమ్మినవారు ఇద్దరూ తొందరపడవలసిన పని ఇది. ఫిట్‌నెస్ సంగతి కూడా చూడాలి. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, తరువాత ప్రతి సంవత్సరం ఫిట్‌నెస్ చేయించాలి. తొమ్మిదేళ్ల బండి చవకగా వస్తే ఆ చవకలో ఏటేటా చేయించవలసిన ఫిట్‌నెస్ ఖర్చును కలిపి చూడాలి.

చట్టం మనకు అనుకూలంగా చెప్పిన మాటలూ ఉన్నాయి, అవి తెలియక నష్టపోతున్నాం. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అవసరం లేదని 66వ సెక్షన్ చెబుతున్నది. తేలిక వాహనాల లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండా నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. లైసెన్సులో ట్రాన్స్‌పోర్టు ముద్ర లేదన్న ఒక్క కారణంతో బీమా నిరాకరిస్తే ఈ తీర్పును చూపాలి.

బీమా విషయంలో ఒక మాట మనసులో నాటుకోవాలి. సరుకు బండిలో సరుకు యజమానికి చోటు ఉన్నదే కాని, చుట్టాలకు లేదు. పెళ్లికో, ఉరుసుకో కుటుంబమంతా సరుకు బండి తొట్టిలో ఎక్కి పోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఉచితంగా ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహించనవసరం లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ప్రమాదం జరిగితే పోయిన ప్రాణాలు తిరిగి రావు. పరిహారం భారం బండి యజమాని ఇంటి మీద పడుతుంది. అదేవిధంగా సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన తెల్ల బోర్డు వ్యాన్‌లో కిరాయికి సరుకు వేస్తే బీమా పనికిరాకుండా పోయే ప్రమాదం ఉన్నది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఫైనాన్స్ ఏజెంటు పది శాతం వడ్డీ అన్నప్పుడు, అది మొదటి అసలు మీద లెక్కించే ఫ్లాట్ వడ్డీయా, తగ్గుతూ వచ్చే అసలు మీద లెక్కించే వడ్డీయా అని అడగాలి. 5,00,000 రూపాయలకు నాలుగేళ్లకు పది శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 2,00,000, మొత్తం 7,00,000, నెలకు 14,583 రూపాయలు. తగ్గే అసలు మీద లెక్క కడితే ఇది సంవత్సరానికి పదిహేడున్నర శాతం వడ్డీతో సమానం. బ్యాంకు పన్నెండు శాతం అంటే ఎక్కువనుకొని, ఏజెంటు పది శాతం అంటే తక్కువనుకొని సంతకం చేసేవారు ఎక్కడ మోసపోతున్నారో ఈ లెక్కలో కనిపిస్తున్నది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 2024 అక్టోబరు నుండి చిల్లర రుణాలకు, చిన్న సంస్థల రుణాలకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. ఖర్చులన్నీ కలిపిన సంవత్సరపు రేటు అందులో ఉంటుంది. దాన్ని అడిగి తీసుకోవాలి, అర్థమయ్యే భాషలో అడగాలి. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టరాదు.

రుణం అడిగే హక్కు మనకు ఉన్నది. అల్పసంఖ్యాక వర్గాలవారికి ఇచ్చే రుణాలు ప్రాధాన్య రంగంలో బలహీన వర్గాల పద్దు కిందకు వస్తాయి. 2015లో ప్రారంభమైన ముద్ర పథకం కింద సరుకు రవాణా బండికి కూడా రుణం ఉన్నది. చిన్న సంస్థలకు నిర్ణీత పరిమితి లోపు రుణానికి ఆస్తి తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు చెప్పింది. మేనేజరు నోటితో కాదంటే దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోవాలి; కారణం రాతపూర్వకంగా అడగాలి. రెండు రాష్ట్రాల మైనారిటీ ఆర్థిక సంస్థల ప్రకటనలను కూడా గమనిస్తూ ఉండాలి.

వడ్డీని ధర్మం ఒప్పదని దూరంగా ఉండేవారు మనలో ఎందరో ఉన్నారు. వారికి దారి లేదని అనవద్దు. ముందు కూడబెట్టి పాత బండి కొనవచ్చు. వడ్డీ లేని పరస్పర సహాయ సంఘాలు కొన్ని ఊళ్లలో నడుస్తున్నాయి. ఇద్దరు ముగ్గురు వ్యాపారులు పెట్టుబడి కలిపి ఒక బండి కొని, వంతుల వారీగా వాడుకొని, లాభనష్టాలు పంచుకోవచ్చు. పరుపుల వ్యాపారికి ఉదయం, పండ్ల వ్యాపారికి తెల్లవారుజామున, వంటవారికి ముహూర్తాల రోజున బండి కావాలి. వేళలు కలిస్తే ఒక బండి మూడు ఇళ్లను పోషిస్తుంది. అయితే వాటాలు, మరమ్మతు ఖర్చు, విడిపోయేటప్పటి ధర ముందే కాగితం మీద రాసుకోవాలి. నోటి మాట స్నేహాన్ని నిలబెట్టదు, రాత నిలబెడుతుంది.

వాయిదా తప్పినంత మాత్రాన దారికాచి బండి గుంజుకునే అధికారం ఎవరికీ లేదు. మనుషులను పెట్టి బలవంతంగా వాహనాలు స్వాధీనం చేసుకోవడాన్ని సుప్రీంకోర్టు 2007లో తప్పుపట్టింది. నోటీసు ఇవ్వాలి, చట్టపరమైన పద్ధతి పాటించాలి. అటువంటి బెదిరింపు ఎదురైతే పోలీసులకు, ఆ పైన రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అయితే అంతవరకు రాకుండా చూసుకోవడమే తెలివి. రెండు వాయిదాలు కష్టమని ముందే తెలిస్తే మనమే వెళ్లి రాతపూర్వకంగా గడువు అడగాలి. ముఖం చాటేసినవాడి వద్దకే మనుషులు వస్తారు.

కొన్న తరువాత ఇంజన్‌ను కాపాడేది దేవాలయం ముందు నిమ్మకాయో, దర్గా ముందు ఫాతిహానో కాదు. సమయానికి మార్చిన ఆయిల్. కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు ఇంజన్ ఆయిల్, ఫిల్టరు మార్చాలి. మన దుమ్ము దారులలో గాలి ఫిల్టరును ఇంకా ముందే చూడాలి. రేడియేటర్‌లో బోరు నీరు కాక కూలెంట్ పోయాలి. ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతే అక్కడే ఆపాలి. ఇంకో రెండు కిలోమీటర్లు పోదామనుకుంటే హెడ్ వంగుతుంది. బండి నడిచిన ప్రతి రోజూ 100 రూపాయలు వేరే డబ్బాలో వేస్తే సంవత్సరానికి 30,000 పోగవుతుంది. టైర్లకు, బీమాకు, క్లచ్‌కు అప్పు చేయవలసిన అగత్యం చాలావరకు తప్పుతుంది. ఆ డబ్బా ఇంట్లో ఆడవారి చేతిలో ఉండడం మంచిదని మా సూచన. లెక్క వారికే బాగా తెలుసు. బండి కొనే ముందు కూడా వారిని కూర్చోబెట్టి ఈ లెక్కలు చెప్పాలి. వాయిదా తప్పిన నెలలో ఇల్లు నడిపేది వారే.

ఇకనుండి ఈ సంఘంలో ఎవరు బండి కొనదలచినా, నెల కాగితం, అయిదు విడిభాగాల ధరలు, ఇంధన లెక్క, ముఖ్య వివరాల పత్రం, రిజిస్ట్రేషన్ పత్రం నకలు, ఈ అయిదు కాగితాలతో ముందు పదిమంది ముందుకు రావాలని మేము కోరుతున్నాం. మన బజారులో మెకానిక్కులు ఉన్నారు, లెక్కలు తెలిసిన పిల్లలు ఉన్నారు, చట్టం చదివిన వకీళ్లు ఉన్నారు. ఈ తెలివి ఇన్నాళ్లూ విడివిడిగా ఉన్నది. నెలకొక శుక్రవారం సాయంత్రం ఒక గంట వీరందరూ ఒకచోట కూర్చుంటే, ఏ కుటుంబమూ ఒంటరిగా షోరూమ్ మెట్లు ఎక్కవలసిన పని ఉండదు. మొదటి సమావేశానికి తేదీ ఈ సభలోనే నిర్ణయించవలసిందిగా సభాధ్యక్షులను ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాం.